బొట్టు పెట్టిన వాల్వు

నేను ఒక వాల్వును. రాకెట్టులో ఇంధనం దారిని తెరిచి మూసే, పిడికెడంత టైటానియం వాల్వును. ఎగరాల్సినదాన్ని. ఎగరలేదు. ఎందుకో చెబుతాను. మధ్యలో నా గొంతు పెరిగితే మీరే సర్దుకోండి.

బాలానగర్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఐలయ్య నన్ను లేతు మీద పదకొండు రోజులు చెక్కాడు. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చిందని నా అన్నలిద్దరినీ పక్కన పడేసి మరీ నన్ను చేశాడు. తర్వాత సుగుణమ్మ చేతికి వచ్చాను. ఆమె పని కడగడం. నవ్వకండి. లోపల ఒక్క రేణువు మిగిలినా నేను సరిగా మూసుకోను, రాకెట్టు కూలుతుంది. గాలిని కూడా వడగట్టి పంపే గదిలో, తెల్లకోటూ మాస్కూ వేసుకుని రెండు రోజులు నన్ను కడిగింది. రెండు సంచుల్లో పెట్టి సీలు వేసి, చీటీ మీద సంతకం చేసింది. ఇరవై రెండేళ్లుగా ఆ సంతకానికి తిరుగులేదు.

సరుకు పంపే రోజు శుక్రవారం. ఆపరేషన్స్ మేనేజరు చక్రపాణిగారు కొబ్బరికాయతో, ఫొటోగ్రాఫరుతో దిగారు. అక్కడ ఏ సరుకు బయలుదేరినా పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టడం ఆనవాయితీ. పెట్టెకు! కానీ ఫొటోలో పెట్టె ఆయన కంటికి ఆనలేదు. కత్తెర తెప్పించి నా సంచులు కోశారు.

సుగుణమ్మ పరుగెత్తుకొచ్చింది. "సార్, పెట్టెకు పెట్టుండ్రి. దానికి వద్దు."

"ఒక్క బొట్టుకు కొంపలేం మునగవమ్మా. చైర్మన్‌గారికి ఫొటో పంపాలి."

నాకు నుదురెక్కడిది? ఉన్నది నోరే. ఆ నోటి అంచునే కుంకుమ అద్దారు. ఫొటో అయ్యాక జేబురుమాలుతో తుడిచారు. పొద్దున్నుంచీ మెడ తుడుచుకుంటున్న జేబురుమాలది! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మళ్ల కడుగుత సార్. రెండు దినాలు ఇయ్యుండ్రి."

"పదిన్నరకు రాహుకాలం. ఆలోపు బండి గేటు దాటాలి."

కొత్త సంచులు తొడిగి, సుగుణమ్మ సంతకమున్న పాత చీటీనే అంటించారు. బండి పది ఇరవైకి గేటు దాటింది.

రాకెట్టు కట్టేచోట పరీక్షాధికారి నన్ను దీపం కింద తిప్పి చూశాడు. లోపల ఎర్రటి రేణువులు. తిప్పి పంపేశాడు. నా చోట ఎవరిదో వేరే వాల్వు ఎక్కింది.

విచారణ చేసింది కూడా చక్రపాణిగారే. చీటీ మీద ఎవరి సంతకముంటే తప్పు వాళ్లదే కదా! "కడగడంలో అజాగ్రత్త" అని రాసి సుగుణమ్మను ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంత నోరుండీ ఒక్క మాట అనలేకపోయాను.

నన్ను రిసెప్షన్‌లో అద్దాల బీరువాలో పెట్టారు. కింద "మన గర్వకారణం" అని ఇత్తడి పలక. పైన గోడకు ఆనాటి ఫొటో.

గుర్తింపు కార్డు అప్పగించడానికి వచ్చిన సుగుణమ్మ ఆ ఫొటో ముందు ఆగింది. అప్పుడే చక్రపాణిగారు అటుగా వచ్చారు.

"ఈ వేలు ఎవరిది సార్?" అని అడిగింది, నా నోటి దగ్గర కుంకుమంటిన వేలిని చూపిస్తూ.

ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నారు. ఆమె కార్డు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా ఫొటో మాయమైంది, మేకు మిగిలింది. ఆమెను మాత్రం వెనక్కి పిలవలేదు. ఇప్పుడు ప్రతి శుక్రవారం, పదిన్నరలోపు, ఆయన బీరువా తలుపు తీసి అదే వేలితో నాకు బొట్టు పెడుతున్నారు. పోయినవారం కుంకుమ మీదే ఈవారం కుంకుమ. కడిగే మనిషిని ఆయనే పంపేశారు.