కడిగిన బొడ్డుతాడు

ఇండోనేషియాలోని మా యోగ్యకర్తలో, కాన్పులో పడే మాయను ఎవరూ పారేయరు. అది బిడ్డకు తోబుట్టువు. తండ్రే దాన్ని గుమ్మం పక్కన పాతి, నెల దాటేదాకా పైన దీపం పెడతాడు. అలాంటి ఊళ్ళో ఇంటింటికీ తిరిగి బొడ్డుతాళ్ళు అడుక్కునే దిక్కుమాలిన చదువు నాది!

రక్తనాళానికి లోపల పల్చటి పొర ఉంటుంది, దాని చుట్టూ కండరం. పొర బాగున్నంతకాలం కండర కణాలు బుద్ధిగా ఉంటాయి. పొర చచ్చిందా, అడ్డూ ఆపూ లేకుండా పెరిగి దారి మూసేస్తాయి. పొర వాటికి ఏం చెప్పి ఆపుతుందో నేను తేల్చాలి. అందుకు ఒకే బొడ్డుతాడులోని రక్తనాళం నుంచి రెండు రకాల కణాలూ తీసి కలిపి పెంచాలి. రెండుసార్లు బూజు పట్టి పోయాయి.

"ఈసారీ రాకపోతే ల్యాబులో నీ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా త్యాస్" అంది ప్రొఫెసర్ విదార్తి.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు జత్మికో భార్యకు నెలలు నిండాయి. వాడి కాళ్ళావేళ్ళా పడ్డాను.

"నీ చదువు తగలెయ్య! నా బిడ్డ తోబుట్టువును కోసి గిన్నెల్లో వేస్తావా అక్కా?"

"తాడు ముక్కేరా. మాయంతా నువ్వే పాతుకో. ఇదీ పోతే నా పని అయిపోయినట్టే."

"మిగిలింది తెచ్చివ్వాలి మరి. సగం పాతితే బిడ్డకి మంచిది కాదు" అన్నాడు చివరికి.

నేనిచ్చిన సీసాలో తాడు వేసి, పిల్లాడు పుట్టిన పూటే స్వయంగా తెచ్చిచ్చాడు. కలిపేముందు విడిగా పెరగాలని రెండు రకాలూ తీసి వేరువేరు గిన్నెల్లో పెట్టాను. మర్నాడు చూస్తే పొర గిన్నెలో ఒక్క కణం కూడా అంటుకోలేదు. అన్నీ ముక్కలై తేలుతున్నాయి. ఒక్కటైనా బతికుండకపోతుందా అని రోజూ వెతికాను, కళ్ళు మండేదాకా వెతికాను. రెండో గిన్నెలో కండరం మాత్రం ఆపేవాళ్ళు లేక గుట్టలు గుట్టలుగా పెరిగిపోతోంది. ఏడుపు ఆగలేదు. ఫోన్ తీశాను.

"ఒరేయ్, నా సీసాలో వేసేముందు తాడును ఏమైనా చేశావా?"

"ఏం చేస్తాను? మాయతో పాటే కడిగాను. ఉప్పు, చింతపండు వేసి రుద్ది, లోపల రక్తం ఉండిపోయిందని కుళాయికి పట్టి తాడు గొట్టంలోంచి నీళ్ళు పోనిచ్చాను. నా బిడ్డ తోబుట్టువును మురికిగా పంపుతానా?"

మామూలు నీళ్ళు తగిలితే ఆ పొర కణాలు ఉబ్బి పగిలిపోతాయి. లోతున ఉన్న కండరానికి ఏమీ కాదు. తిట్టు నోటిదాకా వచ్చింది. ఫోన్లో పసివాడి ఏడుపు వినిపించింది.

"ఏమక్కా, పనికొచ్చిందా?"

"చాలా శుభ్రంగా కడిగావురా. దీపం ఇంకా వెలుగుతోందా?"

"వెలుగుతోంది. మిగిలింది తెస్తున్నావా?"

"గిన్నెల్లో ఉన్నదానితో సహా అంతా తెస్తున్నాను" అన్నాను.