మేరమ్మ నవ్వు

అంతోనయ్య బండి తోలితే చక్రాలకన్నా నోరే ఎక్కువ తిరిగేది. పేరుకే అంతోనయ్య గాని, విస్సన్నపేట నుంచి తిరువూరు దాకా అతని మాటకు అంతుండేది కాదు. బండెక్కినవాళ్లు పొట్టలు పట్టుకుని దిగేవారు. నవ్వనిది పెళ్లాం మేరమ్మ ఒక్కతే. నవ్వొచ్చిందంటే మూతి బిగించి, కొంగు సర్దుకుని పక్కకు తిరిగేది. ఎప్పటికైనా ఆమె పళ్లు చూడాలని అతని పంతం.

పత్తి మోడు పాదంలో దిగిన కొన్నాళ్లకు ఆమె దవడ పట్టేసింది. తిరువూరు ఆసుపత్రిలో డాక్టరు చంద్రశేఖరం ధనుర్వాతమన్నాడు. కిటికీలకు దుప్పట్లు కట్టించాడు. చిన్న చప్పుడైనా ఆమె ఒళ్లు విల్లులా వంగిపోతుందని, అంతోనయ్యను నోరు మెదపవద్దన్నాడు. వాగును పారవద్దన్నట్టే.

అతను మునివేళ్ల మీద లోపలికెళ్లి చూశాడు. ఆ మసకలో మేరమ్మ పెదవులు సాగి, పళ్లన్నీ కనబడుతున్నాయి. నవ్వుతోంది!

అంతలో నర్సు ప్రమీలారాణి కండరాలు వదులుచేసే సూదిమందు ఎక్కించింది. మేరమ్మ మొహం మామూలైంది.

"నవ్వు పోగొట్టారేంటండీ?" గొణిగాడు అంతోనయ్య.

మొదట్లో ఒక్క సూది పొద్దుగూకే దాకా పనిచేసేది. తర్వాత మధ్యాహ్నం దాకా. ఆపైన గంజి చల్లారేలోపే మందు మందగించేది. ఆ నవ్వు తొందర తొందరగా తిరిగొస్తుంటే, ఆమెకు నయమవుతోందని అంతోనయ్య వరండాలో అందరికీ బెల్లం పంచాడు.

తన చేతిలో పెట్టిన ముక్కను డాక్టరు నోట్లో వేసుకోలేదు. అతణ్ణి పక్కకు తీసుకెళ్లాడు.

"అది నవ్వు కాదు అంతోనయ్యా. జబ్బు మొహాన్ని అలా లాగేసింది. మందుకు ఒళ్లు అలవాటు పడిపోయింది, మునుపటి మోతాదు ఆనడం లేదు. ఇంకా పెంచితే ఊపిరి ఆడించే కండరాలు కూడా వదులైపోతాయి."

అంతోనయ్య మిగిలిన బెల్లాన్ని పొట్లం కట్టేశాడు.

"ఆ నవ్వు తీసేయండి బాబూ. నాకొద్దు."

డాక్టరు మోతాదు పెంచగలిగినంత పెంచాడు. మొహం కాస్త సడలి, మళ్లీ బిగిసింది. మర్నాడు ఆ బిగువులోనే ఊపిరాడక మేరమ్మ పోయింది.

ఆ తర్వాత ఏ మందూ లేకుండానే ఆమె మొహం వదులైంది. పెదవులు ఎప్పటిలా కలుసుకున్నాయి.

ఆమెను బండిలో పడుకోబెట్టాక, అంతోనయ్య ఎడ్ల మెడల్లోని గంటలు విప్పి మొలలో దోపుకున్నాడు. విస్సన్నపేట దాకా ఎడ్లను అదిలించనైనా లేదు.