ఇంటికో చెయ్యి

మా పట్నంలో ఓటు మనిషికి కాదు, ఇంటికి. సొంత ఇల్లుంటే ఓటు. అద్దెకుండేవాళ్లకు ఉన్నది నోరొక్కటే, అదీ మూసుకోవడానికి. మా వీధి వీధంతా లాండ్రీ యజమానిది. మేం గంజిబాబు అంటాం, చొక్కాతోపాటు మెడ కూడా వంగదు కాబట్టి. ఎంగిలి చేత్తో కాకిని తోలడు గానీ, సభలో మాత్రం మహాదాతలా కూర్చుంటాడు.

సభలో చేతులెత్తి ఓటేస్తారు. అన్ని ఇళ్లకు ఆయనకున్న చేతులు రెండే, పాపం! అందుకని ఇంటికొకరి చొప్పున మమ్మల్నే పంపిస్తాడు. ఇల్లు ఆయనది, ఓటు ఆయనది, ఎత్తే చెయ్యి మాది. సిగ్గులేని చట్టం దానికీ ఒప్పుకుంది.

ఈసారి తేల్చాల్సింది, సరిహద్దు దాటి పని కోసం వచ్చినవాళ్లు తమ పిల్లల్ని తెచ్చుకోవచ్చా, కూడదా అని. మా వదిన అలా వచ్చిన మనిషే. మా పక్కింట్లోనే కాపురం, లాండ్రీలో నా పక్కనే దుప్పట్లు మడుస్తుంది. మా అన్నను చేసుకోకముందు పుట్టిన కూతురు అవతలే ఉండిపోయింది. మన మాట వదినకు ముక్కలుముక్కలుగానే వచ్చు. ‘పాప’, ‘పిల్లలు’ మాత్రం తడుముకోకుండా పలుకుతుంది.

“పిల్లలొస్తే ఇక్కడే పాతుకుపోతారయ్యా. రేపు జీతం పెంచమంటారు, ఎల్లుండి ఓటు కూడా కావాలంటారు,” అన్నాడు గంజిబాబు సూపర్‌వైజరుతో, మా ముందే. మేం ఆయనకు గోడలతో సమానం.

చెయ్యెత్తొద్దని వదినకు చెబుదామనుకునేలోపే సూపర్‌వైజరు ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టేశాడు. “పిల్లల సంగతి. గుమాస్తా అడగ్గానే చెయ్యెత్తు,” అన్నాడు. దొంగసచ్చినోడు, అబద్ధం కూడా ఆడలేదు.

“పిల్లలు వద్దనేవాళ్లు చేతులెత్తండి,” అన్నాడు ఓట్లు రాసుకునే గుమాస్తా.

అందరికంటే ముందు వదిన చెయ్యి లేచింది. లేచి నిలబడి అరిచాను.

“వద్దు వదినా! వద్దు!”

“అంత అరుపెందుకమ్మా? వద్దనేగా? నీదీ రాసుకున్నాలే,” అన్నాడు గుమాస్తా.

“నేనన్నది అది కాదయ్యా!”

“రాసింది కొట్టెయ్యకూడదు. కూర్చో.”

గంజిబాబు నావైపు తిరిగి మెచ్చుకోలుగా తలూపాడు. ఆ గంజిమొహం మీద ఉమ్మేయాలనిపించింది.

లెక్క పూర్తయ్యేదాకా వదిన చెయ్యి దించలేదు. హాలంతా లేచిన చేతుల్ని చూసుకుని, కళ్లనీళ్లతో నావైపు తిరిగింది.

“చూడు, ఎంతమందో! అందరూ మన పాప కోసమే!”