రెక్క లేని తిత్తి

ఆదివారం వచ్చిందంటే సుద్దముక్క పెరట్లోకి వెళ్లి నేల మీద గీతలు గీస్తాడు. కోళ్లగూడు గీశాడు, నీళ్లతొట్టి గీశాడు, మేడ లేని ఇంటికి మేడమెట్లు కూడా గీశాడు. వాన కురిసినప్పుడల్లా అన్నీ కొట్టుకుపోయేవి. అతని భార్యకు ఆ గీతల మీద కోపం లేదు. నేల మీద ఉన్నంతసేపూ అవి ఎవరి జోలికీ రావని ఆవిడ ధైర్యం.

ఫర్నిచర్ కొట్లో అతని ఉద్యోగం జనం ఇళ్లకు వెళ్లి కొలతలు తీసుకురావడం. ఆ కొలతల ప్రకారం మంచాలూ బీరువాలూ చేసేది వెనక షెడ్డులోని వడ్రంగులు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్ద ఉంటుందని సుద్దముక్క అని పేరు పెట్టింది వాళ్లే. నీ చేత్తో ఒక్క మేకు తిన్నగా దిగితే నిన్ను ఊరేగిస్తాం అనేవారు. వాళ్లతోపాటు తనూ నవ్వేవాడు. నవ్వి, ఇంటికొచ్చి, అన్నం వద్దని పడుకునేవాడు.

ఆ ఆదివారం గీసినది గుండ్రంగా ఉంది. దాని కింద ఒక నిలువు గీత, పక్కకు ఒక అడ్డగీత. ఇది బావి బొమ్మా అని భార్య అడిగితే కొలిమి అన్నాడు. నెలల తరబడి ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడట. లారీ బ్రేకుడ్రమ్ము ఒకటి, దాని అడుగున గొట్టం, పైన రాక్షసిబొగ్గు, పక్కన ఇనుము పెట్టి కొట్టే దాగలికి బదులు రైలుపట్టా ముక్క. ఇనుము ఎర్రగా కాల్చి ఒక కొక్కెం చేస్తాడు. దాన్ని తీసుకెళ్లి షెడ్డు గోడకు దిగ్గొడతాడు. వడ్రంగులు రోజూ తమ చొక్కాలు దానికే తగిలించుకోవాలి. జీవితంలో అతనికి కావలసింది ఇంతే. ఇంత చిన్న కోరిక ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు?

డ్రమ్ము మెకానిక్ షెడ్డులో దొరికింది. బొగ్గు ఇటుకబట్టీ నుంచి బస్తాలో వచ్చింది. పట్టకారు, సుత్తి సమకూరాయి. మిగిలింది గాలి. నిప్పు మీద ఆగకుండా గాలి కొట్టాలి, లేకపోతే బొగ్గు కాలుతుంది గానీ ఇనుము కాలదు. దానికి కరెంటు మిషను ఉంటుందని వీడియోలో చూపించారు. అతను ఆ వీడియో ఆపి, వసారాలో కూర్చుని సైకిల్ ట్యూబు ఊదుతున్న అక్క వైపు చూశాడు.

అక్క గాలి పీల్చదు. వదులుతుంది, అంతే. తమ్ముడు పుట్టినప్పుడు ఏడవలేదు, నీలంగా పడి ఉన్నాడు. నర్సు వాడి కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపుతుంటే, తలుపు దగ్గర నిలబడ్డ అక్క, అప్పటికి గౌన్లు తొడుక్కునే పిల్ల, వాడి నోట్లో ఊదుదామని గుండెలనిండా గాలి పీల్చుకుని ముందుకు ఉరికింది. ఈలోపే వాడు కెవ్వుమన్నాడు. పీల్చింది పీల్చినట్టే లోపల ఉండిపోయింది. అప్పటి నుంచీ ఆ ఒక్క ఊపిరినే కొంచెం కొంచెంగా వదులుకుంటూ బతుకుతోంది. తమ్ముడి వయసెంతో ఆ ఊపిరి వయసూ అంతే. వాళ్ల అమ్మ పోయాక వాడిని పెంచినదీ, చదివించినదీ, వాడి పెళ్లి చేసినదీ ఆ ఊపిరితోనే.

వీధికి అది మామూలు విషయం. సైకిల్ షాపువాడు పంపు కొనలేదు. పిల్లల బంతులు, తడిసిన పొయ్యిలు, మూసుకుపోయిన కుళాయి గొట్టాలు, అన్నీ అక్క దగ్గరికే వచ్చేవి. అక్కకు మాట మధ్యలో ఆగాల్సిన పని లేదు కనుక అవతలివాళ్లకు వంతు వచ్చేది కాదు. పెళ్లి మాటలకు వచ్చినవాళ్లు కూడా ఆ మాట ఎత్తే సందు దొరక్క లేచి వెళ్లిపోయారు. ఆ ఊపిరి ఇంకా ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. అది అయిపోయిన రోజున అక్క కూడా అయిపోతుందని మాత్రం అందరికీ తెలుసు. తెలిసే తెచ్చేవారు. ఎవరి ట్యూబు వాళ్లకు ముద్దు.

తమ్ముడు వెళ్లి అక్క పక్కన కూర్చున్నాడు. ఊపిరితిత్తి అంటారు కదా, ఆ మాటలోనే తిత్తి ఉంది, కొలిమికి కావలసింది తిత్తే, ఇంట్లోనే తిత్తి పెట్టుకుని నేను మిషను కొంటే జనం నవ్వరా అన్నాడు. అక్కకు అది తమాషాగా తోచి నవ్వింది. లోపల పని చేసుకుంటున్న భార్య నవ్వలేదు. ఒకరి తిత్తి తియ్యడానికి ఇన్ని వీడియోలు చూడాలా అంది.

"నువ్వుండు," అన్నాడు అతను. తర్వాత అక్కతో మెల్లగా, "అక్కా, ఆ గాలి నువ్వు ఎవరికోసం పీల్చావు?"

"నీకోసమే కదరా. నువ్వు పుట్టి ఏడవకపోతే నా గుండె ఆగినంత పనై..."

"మరి నాకిచ్చావా?"

అక్క మాట మధ్యలో ఆగడం భార్య చూడటం అదే మొదటిసారి.

"ఊళ్లో ట్యూబులన్నిటికీ ఇచ్చావు. పక్కింటి పొయ్యికిచ్చావు. కబుర్లకిచ్చావు. నాకోసం పీల్చింది నాకు తప్ప అందరికీ ఇచ్చావు."

అతను గొంతు పెంచలేదు. కొలతలు చదివి వినిపించినట్టు చెప్పాడు. తనను పెంచిన మనిషితో అలా మాట్లాడటానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. అక్క దొంగసొమ్ముతో పట్టుబడినట్టు తలదించుకుంది. చేతిలోని ట్యూబు పక్కన పెట్టేసింది. వచ్చే ఆదివారం నుంచి ఊదుతానంది.

కొలిమి కట్టడం అతను శ్రద్ధగానే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇనుప స్టాండు మీద డ్రమ్ము కూర్చోబెట్టాడు. లోపల బంకమట్టి మెత్తి, పగుళ్లు రాకుండా నీడన ఆరబెట్టాడు. అడుగు రంధ్రం నుంచి గొట్టాన్ని కిందికి దింపి, వంపు తిప్పి, వసారాలో అక్క కుర్చీ దాకా తెచ్చాడు. వీడియోలో పెద్దమనిషి ఒక మాట పదేపదే హెచ్చరించాడు. గొట్టం మధ్యలో తోలురెక్క ఒకటి ఉండాలి, గాలి పోయేటప్పుడు అది తెరుచుకోవాలి, తిత్తి తిరిగి నిండేటప్పుడు మూసుకోవాలి, లేకపోతే నిప్పులోని పొగంతా వెనక్కి వస్తుంది. సుద్దముక్క పాత బెల్టు కోసి రెక్క తయారుచేశాడు. బిగించబోతూ ఆగి, నవ్వుకుని, దాన్ని చెత్తలో పడేశాడు. అదెందుకు పారేశారని భార్య అడిగింది.

"అక్క పీల్చదు కదా," అన్నాడు.

మొదటి ఆదివారం పొగ తప్ప ఏమీ రాలేదు. బొగ్గు గడ్డలు పెద్దవైపోయాయి. తర్వాతి ఆదివారం చిన్నగా కొట్టి వేస్తే అంటుకుంది. అక్క గొట్టానికి నోరు ఆనించి ఊదుతుంటే బొగ్గు ఎరుపు తిరిగి, నారింజ తిరిగి, కళ్లు చెదిరే పసుపుకు వచ్చింది. ఏ మిషనూ అంత నిలకడగా గాలి కొట్టలేదు. అతను ఇనుప ఊచను అందులో ఉంచి మురిసిపోతూ చూస్తుండగానే ఊచ కొస చిటపటలాడి కాలిపోయింది. రెండో ఊచను చల్లారాక కొట్టాడు, అది పగిలింది. మూడోదాన్ని పట్టకారుతో సరిగ్గా పట్టుకోక చెప్పు మీద పడేసుకున్నాడు. కొత్తవాడు నేర్చుకుంటూ ఇనుము పాడుచెయ్యడం తప్పు కాదు. కానీ పాడైన ప్రతి ఊచ వెనకా ఒక పూట ఊపిరి ఉంది, అది అతనికి కనపడలేదు. చూడలేదు కనుక కనపడలేదు.

అక్క గొంతు తగ్గింది. కథల్లా సాగే కబుర్లు వాక్యాలయ్యాయి, వాక్యాలు మాటలయ్యాయి. ఇల్లు ఇన్నాళ్లకు ప్రశాంతంగా ఉందని అతను కొట్లో చెప్పాడు. వీధివాళ్లకు కోపం వచ్చింది, అక్క తరఫున మాత్రం కాదు. అంతా నువ్వే ఊదించేసుకుంటే మా సంగతేమిటయ్యా అని సైకిల్ షాపువాడు నిలదీశాడు. చివరికి సణుక్కుంటూ పంపు కొనుక్కున్నాడు. అది బాగానే పనిచేసింది.

భార్య ఒకరోజు వదినగారి కాళ్ల దగ్గర కూర్చుని, వద్దని ఒక్క మాట చెప్పండి వదినా, మిగతాది నేను చూసుకుంటాను అంది. అక్క ఆవిడ తల నిమిరింది.

"వాడిదేగా," అంది. ఆ పూటకు అంతకు మించి మాట్లాడలేదు.

భార్య మొగుణ్ని కూడా అడిగింది. అయిపోతే ఏం చేస్తారు అంది. ఈ కొక్కెం ఒక్కటీ పూర్తవ్వగానే మిషను కొంటాను అన్నాడు. కొట్టు కూడా చూసి పెట్టుకున్నాడట, పక్క వీధిలోనే ఉందట.

ఆ కొక్కెం నిజంగానే కుదిరింది. ఒక ఆదివారం ఎలాగో ఊచ సాగింది, మెడ వంపు తిరిగింది, గోడకు కొట్టే చోట పలకగా అణిగింది. అది అతని చేతి పనే. చూసి అతనికి కళ్లనీళ్లు వచ్చాయి. కొన ఒక్కటి చుట్టలా ముందుకు వంచాలి. దానికి ఇంకొక్కసారి కాల్చాలి.

అక్క గొట్టం నుంచి నోరు తీసి చెయ్యి ఎత్తింది.

"అడుగంటింది, నాన్నా."

ఆ మాట అర్థం కాలేదని అతను తర్వాత చెప్పుకున్నాడు. అర్థమైంది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది, అతని ముఖం చూసింది. ఒక్క క్షణం ఆ ముఖంలో అక్క పెంచిన చిన్నపిల్లాడు కనిపించాడు, వెంటనే పోయాడు.

"ఒక్క కాపు అక్కా. కొన వంచితే అయిపోతుంది. ఒక్కటే."

అక్క గొట్టానికి నోరు ఆనించింది. బొగ్గు ఎర్రబడింది. ఈసారి ఊచ కాలిపోకూడదని, రంగు సరిగ్గా చూసుకోవాలని అతను డ్రమ్ము మీదికి ముఖం వంచాడు. ఎరుపు నారింజకు వచ్చింది, అక్కడ ఆగింది. మళ్లీ మసకబారడం మొదలెట్టింది. గొట్టంలో చప్పుడు లేదు. వసారాలో అక్క పెదవులు నల్లబడ్డాయి. భార్య ఏవండీ అంటూ పరిగెత్తింది. అతను తల తిప్పలేదు.

"ఊదు, ఊదక్కా, రంగు పోతోంది," అన్నాడు నిప్పు మీదికి ఇంకా వంగి.

అక్క ఒళ్లు అప్పుడు తన పని తను చేసింది. నీళ్లలో మునిగిన ఏ ఒళ్లయినా పైకి తేలగానే చేసే పనే. పీల్చింది.

గొట్టంలో రెక్క లేదు. నిప్పు ఒక్కసారిగా నల్లబడింది. పొగ పైకి లేవకుండా డ్రమ్ములోకి దిగిపోయింది. దాని వెనకే అతని నోట్లోంచి, ముక్కులోంచి గాలి బయల్దేరింది. చొక్కా పొట్టకు అంటుకుపోయింది. నోరు మూసుకుందామంటే మూతపడలేదు. తల వెనక్కి లాక్కుందామంటే మెడ కదలలేదు. ఇన్నేళ్ల దాహం కనుక అక్క చాలాసేపు పీల్చింది. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, గొట్టం అవతల ఎవరున్నారో చూసింది. చూసి, మళ్లీ కళ్లు మూసుకుని, గుండె నిండేదాకా పీల్చింది.

తర్వాత దగ్గింది. పొగ దగ్గు. అది ఒక వారం ఉండి పోయింది.

సుద్దముక్క చావలేదు. లోపల ఒక చెంచాడు ఊపిరి మిగిలింది. దానితో నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు. రెండు మాటలు మాట్లాడతాడు, ఆగుతాడు. డాక్టరు అటూ ఇటూ తట్టి, తిత్తులు నిక్షేపంలా ఉన్నాయి, లోపల సరుకే లేదు, ఎవరి దగ్గరుందో వాళ్లనే అడిగి పుచ్చుకోండి అని చెప్పి పంపించేశాడు. మేడమెట్లు ఎక్కలేని మనిషి కొలతలేం తెస్తాడని కొట్లో ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. వడ్రంగులు చూడటానికి వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లిపోయారు.

అక్క గొంతు తిరిగి వచ్చింది, మునుపటి కంటే బలంగా. పొద్దున లేచి సందు చివరిదాకా వినపడేలా కబుర్లు చెబుతుంది. ఎవరైనా ట్యూబు తెస్తే, షాపులో పంపు ఉందిగా బాబూ అంటుంది. తమ్ముడికి అన్నం కలిపి పెడుతుంది, తల దువ్వుతుంది, మంచం ఎండవైపు జరుపుతుంది. అందులో ఏ లోటూ చెయ్యదు.

ఎక్కువ కాలం ఆగలేక భార్యే అడిగింది. ఒకప్పుడు ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని వద్దని చెప్పమన్నది కూడా తనే, ఇప్పుడు అదే చోట కూర్చుంది. మంచం మీద మొగుడు వింటున్నాడు.

"వదినా, ఒక్క గుక్క ఇవ్వండి. ఆయన లేచి తిరిగితే చాలు."

అక్క మరదలి తల మళ్లీ అలాగే నిమిరింది. కంట నీరు పెట్టుకుంది కూడా.

"వాడికోసం పీల్చింది వాడికి ఇచ్చేశానమ్మా, చుక్క మిగల్చకుండా ఇచ్చేశాను, నువ్వే చూశావుగా. ఇది నాకోసం పీల్చుకున్నది."

మంచం మీద అతను తల ఎత్తాడు. అది కూడా నాలోంచి తీసుకున్నదే కదా, నాదే కదా అని అనబోయాడు. అంత పొడుగు మాటకు సరిపడా గాలి అతని దగ్గర లేదు.