విదాద్ రాసిన నాలుగు గంటలు

పెళ్ళికొచ్చే చుట్టాలకు ఏం చెప్పాలో విదాద్‌కు తెలిసినట్టు అమ్మాన్ నగరంలో ఇంకెవరికీ తెలీదు. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. తల్లీతండ్రీ లేని మేనల్లుడు ఖల్దూన్‌ను పెంచింది తనే. వాడికి పిల్లనడగడానికి జాహాగా, అంటే పెద్దమనుషుల బృందంగా, కరక్ ఊరి నుంచి తరలివచ్చే అరవైమంది మగవాళ్ళకు రెండు పేజీలు రాసి ఫోన్లలో పంపింది. ఏడో సర్కిల్ దాటాక మ్యాపును నమ్మకండి, కారును మెట్లమీదికి ఎక్కించమంటుంది. పళ్ళ డాక్టరు గేటు ముందు బండి పెట్టకండి, టైర్లలో గాలి తీసేస్తాడు. చిన్నపిల్లలకు వాళ్ళ ఇల్లే స్వర్గం, అక్కడే ఉంచి రండి. కాఫీ చేతికిచ్చినా మన పెద్దాయన పిల్లనడిగి, వాళ్ళు సరేననేదాకా పెదవికి తగలనివ్వకండి. ఆఖరున లావు అక్షరాల్లో, శుక్రవారం నాలుగింటికల్లా పిల్ల ఇంటికి చేరాలి.

అసలు పిలుపు ఐదింటికి. పెళ్ళికూతురు రుబా తాత హాజీ వస్ఫీ నలభై ఏళ్ళు రైల్వేలో బళ్ళను టైముకు నడిపించినవాడు. నిరుడు ఇంకో మనవరాలిని అడగడానికి వచ్చినవాళ్ళు రెండు గంటలు ఆలస్యం చేస్తే గేటుకు తాళం వేశాడు. ఆ సంబంధం అంతటితో సరి. ఈసారీ ఐదుంపావు దాటితే అంతేనని కబురు పెట్టాడు. అందుకే విదాద్ టైమును ఒక గంట ముందుకు జరిపింది. దాన్ని అబద్ధమని అనుకోలేదు, ముందుచూపు అనుకుంది.

శుక్రవారం ఐదుకు పది నిమిషాలుండగా ఖల్దూన్‌తో కారు దిగితే, గేటు పక్క పిట్టగోడ మీద అబూ ద్యాబ్ కూర్చుని ఉన్నాడు. ఆమెకు వరసకు బాబాయి. ఎనభై ఏళ్ళవాడు. పిల్లనడగవలసిన పెద్దమనిషి ఆయనే. జూలై ఎండకు అంగీ చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"ఎప్పుడొచ్చారు బాబాయ్?"

"నాలుగుకు ముందే. పొద్దున్నే మినీ బస్సెక్కాను. నాలుగని రాశావుగా తల్లీ, మనవడు చదివి వినిపించాడు."

"లోపలికి వెళ్ళి కూర్చోకపోయారా?"

"పిలిచారు, పాపం. కుర్చీలు సర్దుకుంటున్నారు, ఇప్పుడే వెళ్తే కంగారుపడతారు. మనవాళ్ళేరీ?"

విదాద్ పక్కకెళ్ళి చిన్నాన్న కొడుకు సాలింకు ఫోన్ చేసింది.

"ఎక్కడ చచ్చార్రా?"

"దారిలో, ఖత్రానేలో అక్కా. టీలు తాగి బయల్దేరుతున్నాం."

"ఇంకా ఖత్రానేలోనా? నాలుగింటికి రమ్మన్నానా లేదా!"

"నువ్వు నాలుగన్నావంటే అసలు పని ఆరింటికని మాకు తెలీదూ? నిన్నేమైనా కొత్తగా చూస్తున్నామా?" బస్సంతా గొల్లున నవ్వింది.

ఆమె ఫోన్ పెట్టేసి లోపల ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళింది.

ఆడవాళ్ళ గది తలుపు ఓరగా తీసి ఉంది. అవతల హాల్లో ఒకవైపు పిల్ల తరఫు నలభైమంది. ఎదురుగా అరవై కుర్చీలు, వాటిలో ఖల్దూన్, అబూ ద్యాబ్ ఇద్దరే. పెద్దాయన చేతికి కాఫీ ఇచ్చారు. ఐదుంపావుకు హాజీ వస్ఫీ గడియారం చూసుకుని లేచాడు.

"గేటు మూసి రారా," అన్నాడు కొడుకుతో.

ఖల్దూన్ ముఖం పాలిపోయింది. మగవాళ్ళ సభలో ఆడది అడుగుపెట్టకూడదన్న సంగతి కూడా మరిచి విదాద్ తలుపు మీద చెయ్యి వేసింది. తప్పు నాదని చెప్పేద్దామనుకుంది. ఇంతలో అబూ ద్యాబ్ కప్పు కింద పెట్టాడు.

"గేటెందుకు హాజీ గారూ? రావలసినవాణ్ణి వచ్చానుగా."

"మీరొక్కరేగా!"

"అరవైమంది వచ్చినా నోరు విప్పేది నేనే. మిగతావాళ్ళు మీ కునాఫా మిఠాయి తినడానికొస్తారు." ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మీ రుబాను మా ఖల్దూన్‌కు అడుగుతున్నాను. మీ మాట వినేదాకా ఈ కాఫీ ముట్టను."

హాజీ వస్ఫీ మళ్ళీ కూర్చున్నాడు. "మా కోడలు మూడుసార్లు నీళ్ళు పంపింది మీకు. ఐదింటి పిలుపుకు నాలుగింటికి ఎందుకొచ్చారు?"

విదాద్ తలుపు సందులోంచి బాబాయినే చూసింది. ఉన్నదున్నట్టు చెబితే చాలు, వంశమంతా అబద్ధాలకోరు అయిపోతుంది. అబూ ద్యాబ్‌కు ఐదన్న మాట కొత్త. ఓరగా ఉన్న తలుపు వైపు చూశాడు. ఆయనకు అర్థమైందని ఆమెకు తెలిసిపోయింది.

"ముసలి కాళ్ళు హాజీ గారూ. వీటికి గంట ముందే చెప్పుకోవాలి."

హాజీ వస్ఫీ ఆయన్ను తేరిపార చూశాడు. "ఇన్నేళ్ళలో మా గుమ్మంలోకి ముందుగా వచ్చిన చుట్టం మీరే. కాఫీ తాగండి. పిల్ల మీ పిల్లే."

ఆడవాళ్ళ జగారీత్‌ల సంబరపు కేకలతో ఇల్లు దద్దరిల్లింది. ఆరున్నరకు హారన్ మోగిస్తూ బస్సొచ్చేసరికి కునాఫా పళ్ళేలు సగం ఖాళీ.

విదాద్ వాకిట్లో బాబాయికి మంచినీళ్ళిచ్చింది. ఏళ్ళ తరబడి పిల్లలకు నీతులు చెప్పిన మనిషి ఆమె. సిగ్గుతో తల వాలిపోయింది.

"బాబాయ్, ఆ నాలుగు..."

"పోనీలే. వచ్చే గురువారం పెళ్ళి హాలుకు ఎన్నింటికి రమ్మంటావు?"

అసలు పెళ్ళి ఏడింటికే అయినా, రాసి పెట్టుకున్న కాగితంలో ఐదని ఉంది. "ఏడింటికి," అంది.

"ఏడంటే ఎనిమిదా తొమ్మిదా అక్కా?" అన్నాడు వెనక నుంచి సాలిం. అందరూ పకపకా నవ్వారు.

అబూ ద్యాబ్ ఒక్కడే నవ్వలేదు. "ఏడన్నదిరా," అన్నాడు.