కదలని గీత

మా కోడలు ఎక్కడో ఒక గ్రహం మీద నీటి ఆవిరి కనిపెట్టిందని మా మెట్లు ఎక్కి దిగే వాళ్ళందరికీ తెలుసు. చెప్పింది నేనే. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరికే అనలేదు.

ఆ గ్రహం తన నక్షత్రాన్ని ఒరుసుకుంటూ తిరిగే నిప్పుల కొలిమి అట. అది నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు కాస్త వెలుగు దాని గాలిలోంచి వడకట్టుకుని మనదాకా వస్తుంది. ఆ వెలుగును రంగులుగా విడదీసి, ఏ రంగు దగ్గర నల్లగీత పడిందో చూసి, ఆ గాలిలో ఏముందో చెబుతారు. కూరలు తరుగుతూ కోడలు చెప్పిన పాఠమే ఇది.

ఆ రోజు ఆమె యూనివర్సిటీలో తన శాఖవాళ్ళందరి ముందూ ఆ ఫలితం చెప్పాలి. వాళ్ళు సరేనంటే ఆమె పేరు మారుమోగిపోతుంది. ఇస్త్రీ చీర కట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను.

తెర మీద ఆ గ్రహం వెలుగులో పడిన రెండు గీతలు చూపించింది, ఒకటి సోడియందట, ఒకటి నీటిదట.

"గ్రహం పరుగెడుతుంటుంది కాబట్టి దాని గాలి గీసిన గీత కూడా కొంచెం కొంచెం జరగాలి. సోడియం గీత జరిగింది. నీటి గీత జరగలేదు." గొంతు సవరించుకుంది. "మన గాలిలో తేమను తీసేసే లెక్కలో నేనే పొరబడ్డాను. నిన్న గమనించాను. ఆ ఆవిరి మన టెలిస్కోప్ మీదున్న గాలిదే. నీళ్ళున్నాయన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ పట్టుకోలేదు కదా, ఈ పిల్ల ఊరుకుంటే ఏం పోయింది?

ముందు వరసలోంచి వాళ్ళ పెద్దసారు లేచాడు. "ఆ లెక్క నేనూ చూశాను. నాకు తట్టలేదు," అన్నాడు. "నీ తప్పు నువ్వే పట్టి చెప్పావు, ఇక ఆ సోడియం గీతను కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. మళ్ళీ చూపించమ్మా."

అందరూ ముందుకు వంగారు. నా గుండె పొంగింది. కళ్ళు తుడుచుకుందామంటే అద్దాలు అడ్డం.

తిరిగి వస్తూ కోడలు, "అత్తయ్యా, అందరిలో మీ పరువు తీశానేమో," అంది.

"చాల్లే, నోర్ముయ్," అన్నాను.

మెట్ల దగ్గర కింది వాటా ఆవిడ ఎదురైంది. "ఏమండీ, నీళ్ళు ఖాయమైనట్టేనా?"

కోడలు తల దించుకుంది. ఆ దించిన తలను చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఆ నీళ్ళు మన గాలిలోవేనటండీ," అన్నాను, పై అంతస్తుకూ వినపడేలా. "ఎవరికీ అంతుపట్టని ఆ సంగతి పట్టుకున్నదీ మా కోడలే!"