రెండు ఆంప్‌లు, ఒకే స్పీకరు

మా అక్క నాటకాల మనిషి. దర్శకత్వం చేస్తుంది, వేషాలు పంచుతుంది, ఎవరైనా ఆలస్యంగా వస్తే నిలబెట్టి కడిగేస్తుంది. ట్రూపులో అందరూ చాటుగా హెడ్‌మిస్ట్రెస్ అంటారు. చాటుగా ఏముంది లెండి, ఆవిడకీ తెలుసు. ఆవిడ మొగుడు, అంటే మా బావ, అదే ట్రూపుకి సౌండు చూసుకుంటాడు. నేను గిటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బావ నాకు చిటపట అని పేరు పెట్టాడు. ఆ పేరంటే నాకు ఒళ్లు మంట. పిలిస్తే మాత్రం పలుకుతాను, అది వేరే సంగతి.

నేను స్టేజీ ఎక్కి చాలా కాలమైంది. గిటారు మోత పెంచే నా పాత ఆంప్లిఫయరు, అదే ఆంప్, బండరాయంత బరువుండేది. దాన్ని మెట్లు ఎక్కించి దించి, ఎక్కించి దించి, కుడి భుజం పట్టేసింది. ఇక బరువులు ఎత్తొద్దు అన్నాడు డాక్టరు. ఎత్తకపోతే అది తనంతట తాను నడిచి స్టేజీ మీదికి వస్తుందా? ప్రతిసారీ ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. బతిమాలుకోవడం నా ఒంటికి పడదు. అందుకని అన్నీ మానేసి, ఇంట్లో నలుగురికి పాఠాలు చెప్పుకుంటూ కూర్చున్నాను. హాయిగా ఉందని అందరికీ చెప్పేదాన్ని. ఏం హాయి, నా మొహం. ఎక్కడైనా గిటారు వినపడితే ఏడుపొచ్చేది.

అప్పుడు ఈ పెట్టె కొన్నాను. అన్నం డబ్బా అంత ఉంటుంది. పెద్ద పెద్ద ఆంప్‌ల ధ్వనిని కంప్యూటరు లెక్కలతో అచ్చు గుద్దినట్టు నకలు తీసి ఇందులో పెట్టారు. గిటారు వైరు ఇందులో గుచ్చి, ఇంకో వైరు తీసి హాలు స్పీకరుకి ఇస్తే చాలు. పైగా రెండు ఆంప్‌లని ఒకేసారి కలిపి వాయించొచ్చు. నేను ఒకటి తేటగా పలికేది తీసుకున్నాను, ఇంకోటి కాస్త గరగరలాడేది. వారాల తరబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రెండిటినీ కలుపుతూ కూర్చున్నాను. ఏం మోగిందనుకున్నారు! గది పట్టనంత మోత. వెంటనే అక్కకి ఫోను చేసి, ఈసారి నీ నాటకానికి నేనే వాయిస్తాను అన్నాను. నోరు తెరిచి అడగడం అదే మొదలు. అక్క "ఇన్నాళ్లూ ఏం చేశావే" అని తిట్టి, ఒప్పుకుంది.

సాయంత్రం ఆట అనగా మధ్యాహ్నం హాల్లో ఆఖరి రిహార్సలు. ఈ నాటకంలో దొంగ వేషం మా దర్జీగారిది. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే మెత్తటి మనిషి. స్టేజీ మధ్యలో మూసిన తలుపు వెనక సంచి పట్టుకుని నిలబడతాడు. అక్కణ్ణించి ఆయనకి ఏమీ కనపడదు. నేను లావు తీగ మీటగానే ఆ మోత విని తలుపు తోసుకుని రావాలి.

మీటాను. స్పీకర్లోంచి ఈగ ఎగిరినట్టు చిన్న జుయ్యిమని వచ్చింది, అంతే. తలుపు కదల్లేదు. అందరం తలుపు వైపే చూస్తున్నాం. కాసేపటికి లోపల్నించి దర్జీగారి గొంతు వినపడింది.

"అమ్మాయ్, నేను ఇంకా ఇక్కడే ఉండాలా?"

"ఒసేయ్, వినపడట్లేదే!" అని అక్క హాలు చివర్నించి అరిచింది.

పెంచాను. బావ కూడా తన బల్ల మీద మీటలు పైకి తోశాడు. కొంచెం గట్టిపడింది గానీ కడుపులో పసలేని గోల. పోనీ గరగరలాడే ఆంప్ పెంచుదామని దాన్ని తిప్పితే, పెంచేకొద్దీ మోత తగ్గిపోతోంది! ఎక్కడైనా ఉంటుందా ఈ విడ్డూరం? మళ్లీ తిప్పాను, మళ్లీ తగ్గింది. పెట్టెని ఎత్తి నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది.

అక్క నా దగ్గరికి వచ్చింది. ఈసారి అరవలేదు. అరిచినా బాగుండేది.

"నిన్ను ఏమీ అనట్లేదమ్మా. దొంగ లోపలికి రావాలి కదా. టీలు తాగొచ్చేదాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే ఫోన్లో రికార్డు ఉంది, అది వేసేద్దాం. ఏం?"

"సరే" అన్నాను. ఆ రికార్డు మోగితే నా స్టేజీ అంతటితో సరి. ఇంకోసారి అడిగే మొహం నాకు ఉండదని నాకు తెలుసు.

అందరూ టీలకి వెళ్లారు. బావ మాత్రం టీ గ్లాసు పట్టుకుని స్టేజీ ఎక్కాడు.

"ఏమ్మా చిటపటా, దాన్ని చూపుల్తోనే కాల్చేస్తావా?"

"బావా, నన్ను కదిలించకు. ఏడుస్తాను."

"ఏడువు. ఏడుస్తూనే ఒక్కోటీ విడిగా వినిపించు."

టీల దగ్గరున్న వాళ్ల కబుర్లకి అడ్డం రాకుండా బావ తన మీటలు బాగా కిందికి దించి వచ్చాడు. నేను గరగరదాన్ని మూసేసి తేటది ఒక్కటే వాయించాను. నిండుగా ఉంది. తర్వాత తేటది మూసి గరగరది వాయించాను. అదీ నిండుగానే ఉంది. రెండూ తెరిచాను. మళ్లీ ఈగ.

"విడివిడిగా ఇద్దరూ బుద్ధిమంతులే. కలిస్తేనే పేచీ" అని, బావ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో లాగా."

"అక్కకి చెప్తాను."

"చెప్పు, ఎలాగూ రోజూ తినే తిట్లే. ముందు రెండిటినీ సమానం చెయ్. తేటది ఎక్కువుంది. ఒకటి ఎక్కువుంటే చెవి దాని వైపే మొగ్గుతుంది, తప్పెక్కడుందో తేలదు."

ఒకదాని తర్వాత ఒకటి వింటూ, గరగరదాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చాను. రెండూ సరిసమానంగా ఉన్నాయని చెవికి నమ్మకం కుదిరాక, కలిపి లావు తీగ మీటాను. ఆ ఈగ కూడా చచ్చింది. తీగ మీద నా గోరు తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చాలా సంతోషం బావా! మిగిలిన కాస్తా ఊడగొట్టావు. నీకో దండం, నీ సలహాకో దండం!"

బావ ఏం చేశాడో తెలుసా? టీ గ్లాసు స్టేజీ మీద పెట్టి చప్పట్లు కొట్టాడు.

"దొరికింది! ఓసి పిచ్చి మొహమా, ఇలా మాయమవ్వాలనే చూస్తున్నా. సమానం చేసేకొద్దీ పోతోందంటే, ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోందన్నమాట. రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు అటుదిటు కలిపితే ఇదే తంతు. కాకపోతే నీ పెట్టెలో వైర్లు ఎక్కడుంటాయో నాకు తెలీదు."

పెట్టెలో వైర్లు లేవు. కానీ ప్రతి ఆంప్ పేజీలో చివర గుండ్రటి బొమ్మ, దానికి అడ్డంగా ఒక గీత ఉన్న బటన్ ఉంది. ఫేజ్ అని రాసి ఉంటుంది. ఎందుకొచ్చిన గొడవ అని దాని జోలికి ఎప్పుడూ పోలేదు, ఇప్పుడు బావకి చూపించాను. కొన్ని పాత ఆంప్‌లు పుట్టుకతోనే ధ్వనిని తిరగేసి పంపుతాయట. నకలు తీసినవాడు ఆ తిరగేయడంతో సహా నకలు తీసినట్టున్నాడు.

"మరి ఇంట్లో బ్రహ్మాండంగా ఉంది బావా! ఒట్టు!"

"హెడ్‌ఫోన్లలోనా? ఏది ఏ చెవిలో పెట్టావు?"

తేటది ఎడమ చెవిలో, గరగరది కుడి చెవిలో. అంటే ఇన్ని వారాలూ ఆ రెండూ అసలు కలవనే లేదు. వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఆహా ఎంత సఖ్యత అని నేను మురిసిపోయాను. ఈ హాల్లో ఉన్నది ఒకటే స్పీకరు. ఇక్కడ మొదటిసారి ఎదురుపడి, ఒకదాన్నొకటి మింగేశాయి.

"నాకు బుద్ధి లేదు" అన్నాను.

"అది తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు నొక్కు."

గరగరదాని పేజీలో ఫేజ్ నొక్కి ధ్వనిని తిరగేశాను. లావు తీగ మీటగానే కాళ్ల కింద చెక్క సన్నగా వణికింది. కానీ ఇంకా ఎక్కడో బోలుగా, గొట్టంలోంచి మాట్లాడినట్టు ఉంది. గరగర ఆంప్ తర్వాత నేను పెట్టుకున్న ఎఫెక్టుల హంగుల వల్ల అది వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తోంది. తేటదాన్ని కూడా అంతే ఆపి పంపితే సరి. దానికీ ఒక మీట ఉంది. కళ్లు మూసుకుని కొంచెం తిప్పి, వాయించి, మళ్లీ కొంచెం తిప్పాను. ఒక చోట గొట్టం మాయమై, రెండు ఆంప్‌లూ ఒక్క గొంతై పలికాయి. వైర్ల సంగతి బావదే, ఒప్పుకుంటాను. ఇది మాత్రం నా చెవి చలవ. ఎవరికీ వాటా ఇవ్వను.

"అయిందా?" అంటూ అక్క అందరితో కలిసి వచ్చేసింది. చేతిలో ఫోను ఉంది.

"ఒక్కసారి విను" అన్నాను. అక్క హాలు చివరికి వెళ్లి నిలబడింది.

దర్జీగారు సంచి తీసుకుని తలుపు వెనక్కి వెళ్లారు. బావ తన బల్ల దగ్గరికి పరిగెత్తి, మీటల్ని ఇందాక ఉన్న చోటికి పైకి తోసేశాడు. ఇందాకంటే ఎప్పుడు? మోత రావట్లేదని ఆ చివరికంటా తోసినప్పుడు. ఆ సంగతి ఆయనా మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను. లావు తీగని నా శక్తికొద్దీ మీటాను.

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ముందు వరసలో కుర్చీ మీదున్న ఎవరిదో బ్యాగు కిందపడింది. తలుపు భళ్లున తెరుచుకుని, దర్జీగారు సంచితో సహా స్టేజీ మధ్యకి వచ్చిపడ్డారు.

"బాబోయ్! తలుపు నేను తియ్యలేదమ్మా, అదే తీసుకుంది!"

హాలు హాలంతా ఒకటే నవ్వు. అక్క రెండు చేతులతో చెవులు మూసుకుని, ఆ చివర్నించి కేకలు.

"తగ్గించవే! ఒసేయ్, తగ్గించు తల్లీ! చెవులు పోతున్నాయే!"

నేను నవ్వుతున్నాను, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. బావ మీటలు దించుతున్నాడు. నేనూ పెట్టె మీద చెయ్యి వేసి తగ్గించాను. అక్క చెవుల మీంచి చేతులు తీసి, తల ఒక పక్కకి వంచి వింది.

"ఇంకొంచెం... ఇంకొంచెం తగ్గించు... ఆఁ, అక్కడ! ఇక దాన్ని ముట్టుకోకు" అంది. ఫోను బ్యాగులో పడేసి, జిప్పు లాగేసింది.